ఎనిమిదో ఉండ

ఆ రోజు ఉదయం హమసాకి షిగెజో వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండుకి ఒసాకాలో బస్సు దిగాలి. పదకొండుంపావుకి కాలవ ఒడ్డున, ఉండకో ఆక్టోపస్ ముక్క పెట్టి గుంతపొంగణాల్లా కాల్చే తకోయాకి కొట్టు ముందు క్యూలో నిలబడాలి. పన్నెండున్నరకల్లా భార్య ఫుమియే నోట్లో వేడి వేడి ఉండ ఒకటి పెట్టి, నలభై ఒక్క ఏళ్ళ నింద కడిగేసుకోవాలి. ఒకటిన్నరకి మళ్ళీ బస్సెక్కాలి. టొట్టోరి తీరాన ఒక చిన్న రైల్వే స్టేషన్లో ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి కాబట్టి, ఈ వేళలన్నీ చీటీ మీద రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అరగంటకోసారి తీసి చూసుకుంటున్నాడు.

నింద సంగతి చెప్పాలి. పెళ్ళైన మూడో రోజున కొత్త దంపతులు ఒసాకా వచ్చారు. కాలవ వంతెన దాటి ఎడమ పక్కకి తిరిగితే ఎర్ర లాంతరు కట్టిన తోపుడు బండి. ఒక దొన్నె తకోయాకి కొన్నారు. దొన్నెకి ఎనిమిది ఉండలు. ఒసాకాలో పాలుతాగే పిల్లలకి కూడా తెలిసిన లెక్క అది. అంతలో గాలికి ఫుమియే కొత్త టోపీ ఎగిరి వంతెన మీద పడింది. ఆమె పరుగెత్తుకెళ్ళి టోపీ పట్టుకుని తిరిగొచ్చేసరికి దొన్నెలో మూడే ఉన్నాయి.

"నా వంతు నాలుగే తిన్నాను," అన్నాడు షిగెజో.

"నాలుగూ మూడూ ఎంత?" అంది కొత్త పెళ్ళికూతురు.

అప్పటిదాకా ఆమె గొంతు ఆయన సరిగ్గా విననే లేదు. అంత సిగ్గరి. ఆ తర్వాత నలభై ఒక్క ఏళ్ళుగా వింటూనే ఉన్నాడు. కొట్టుకెళ్ళి తోఫు తేవడం మరిచిపోతే, "పెళ్ళైన మూడో రోజునే పెళ్ళాం నోటి దగ్గర ముద్ద లాక్కున్న మనిషికి తోఫు ఏం గుర్తుంటుంది?" అనేది. స్టేషన్ మాస్టరుగా ప్రమోషన్ వచ్చినప్పుడు ఇరుగుపొరుగు అభినందిస్తే, "అవునండీ, మా ఆయన చాలా నిజాయితీపరుడు, తకోయాకి విషయంలో తప్ప," అంది. ఆడబిడ్డలా ఇంట్లో ఉండి దెప్పింది ఆ ఎనిమిదో ఉండ.

ఇప్పుడు వాళ్ళ పేట సంఘం ఒక రోజు యాత్ర పెట్టింది. ఒసాకా అనగానే షిగెజో అందరికన్నా ముందు పేరిచ్చాడు. సంఘం వాళ్ళు ఆయన చేతికి పసుపు పట్టీ ఒకటి కట్టి, దాని మీద 'జట్టు పెద్ద' అని రాసి, బస్సులో వెనక రెండు వరుసల బాధ్యత అప్పగించారు. ఆ రెండు వరుసల్లో ఉన్నది ఆయనా, ఫుమియే, ఇంకో నలుగురూ. అయినా షిగెజో పాత స్టేషన్ టోపీ, తెల్ల చేతితొడుగులు కూడా వేసుకుని వచ్చాడు.

"చూడు," అన్నాడు బస్సులో ఒక పత్రిక పేజీ విప్పి. "వంతెన, ఎడమ పక్క, ఎర్ర లాంతరు. అదే కొట్టు. రోజూ రెండు గంటల క్యూ అట."

ఫుమియే కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. "ఇది కాదు."

"ఎలా చెప్పగలవు?"

"మనం తిన్నచోట ఒకావిడ ఎడమ చేత్తో తిప్పేది. ఊచ ఇలా పట్టుకుని, చకచకా. అక్కడ క్యూ లేదు. మనిద్దరమే ఉన్నాం."

"అప్పుడు లేదు. నలభై ఏళ్ళలో వచ్చింది. అంత రుచి ఉన్న చోటికి జనం రాకుండా ఉంటారా? క్యూ ఎక్కడుందో రుచి అక్కడుంది. ఇందులో ఆలోచించడానికి ఏముంది?"

"మీరు ఆ రోజు రుచి చూశారు కాబట్టి మీకు తెలుస్తుంది. నేను ముప్పాతిక వంతే చూశాను," అంది ఫుమియే కిటికీలోంచి బయటికి చూస్తూ.

బస్సు పదకొండుకి ఆగింది. గైడు నొజోమి జెండా ఊపుతూ, "సరిగ్గా ఒకటిన్నరకి బస్సు కదులుతుందండీ. ఒకటిన్నర అంటే ఒకటీ ముప్ఫై," అని చెప్పింది. ఆ మాట షిగెజోకి ఎంత నచ్చిందంటే ఆ పిల్లకి సెల్యూట్ కొట్టాడు.

కొట్టు ముందు క్యూ అప్పటికే ముప్ఫై మంది. చివర నిలబడ్డ కాలేజీ అమ్మాయి చేతిలో కర్రకి బిగించిన బోర్డు ఉంది. 'వరుస చివర ఇదే' అని దాని మీద రాసి ఉంది. షిగెజో వెనక నిలబడగానే ఆ అమ్మాయి నడుం వంచి దండం పెట్టి బోర్డు ఆయన చేతిలో పెట్టింది. అది మామూలే. చివర ఎవరుంటే బోర్డు వాళ్ళది. తర్వాత వచ్చినవాళ్ళకి ఇచ్చేసి ముందుకి జరగాలి, అంతే. ఎవరైనా అలాగే చేస్తారు. కానీ ముప్ఫై ఎనిమిదేళ్ళు జెండా పట్టిన చెయ్యి అది. కర్ర చేతిలో పడగానే వెన్ను దానంతటదే నిటారైంది.

ఫుమియేకి మోకాలు నొప్పి. "నేనా బల్ల మీద కూర్చుంటాను. మీ వంతు రాగానే పిలవండి," అని కాలవ ఒడ్డుకి వెళ్ళింది.

రెండు నిమిషాల్లో ఒకావిడ కవలపిల్లల బండి తోసుకుంటూ వచ్చింది. ఒక చేతిలో గొడుగు, భుజాన రెండు సంచులు, నోట్లో పిల్లవాడి టోపీ. ఆ స్థితిలో కూడా బోర్డు అందుకోవడానికి చెయ్యి చాచింది పాపం.

"వద్దమ్మా, వద్దు. బోర్డు నేను పట్టుకుంటాను. మీరు నా ముందు నిలబడండి," అన్నాడు షిగెజో.

ఆవిడ టోపీ నోట్లోంచి తీసి, "చాలా శ్రమ పడుతున్నారు, కృతజ్ఞతలండీ," అని ముందు నిలబడింది. ఒక్కరే కదా, ఒక్క చోటు వెనక్కి జరిగితే ఏం పోయింది అనుకున్నాడు షిగెజో. గోటితో పోయేది గొడ్డలి దాకా రావడం సరిగ్గా అక్కడే మొదలైంది.

ఆవిడ వెనకే ఇద్దరు ఆఫీసు ఉద్యోగులు వచ్చారు. టోపీ చూశారు, పసుపు పట్టీ చూశారు, తెల్ల తొడుగులు చూశారు.

"ఎంతసేపు పడుతుంది సార్?"

నాకేం తెలుసు, నేనూ క్యూలోనే ఉన్నాను అని ఎవరైనా అంటారు. కానీ జీవితంలో షిగెజో ఏ ప్రయాణికుడికీ 'నాకేం తెలుసు' అని చెప్పలేదు. మెడ చాచి పెనాలు ఎన్నున్నాయో చూశాడు, మనుషుల్ని లెక్కపెట్టాడు, గడియారం చూసుకున్నాడు. "యాభై రెండు నిమిషాలు. ఒకటో రెండో అటూ ఇటూ కావచ్చు, క్షమించాలి."

"ధన్యవాదాలు సార్," అని వాళ్ళిద్దరూ ఆయన ముందు నిలబడ్డారు.

ఇక ఇప్పుడెలా చెప్పడం? చెబితే వాళ్ళు నొచ్చుకుంటారు. పది నిమిషాలు క్షమాపణలు చెబుతారు. ఈయన అయ్యో పర్వాలేదని పది నిమిషాలు చెప్పాలి. వాళ్ళు సిగ్గుపడి క్యూ వదిలేసి వెళ్ళిపోయినా వెళ్ళిపోతారు. ఇంత అనర్థం కన్నా నోరు మూసుకోవడం మేలనిపించింది. ఆ తర్వాత ఒక కుటుంబం వచ్చింది, హిరోషిమా నుంచి నలుగురు స్నేహితురాళ్ళు వచ్చారు, ఒక సన్యాసి వచ్చాడు. అందరూ నడుం వంచి, 'శ్రమ పడుతున్నారు' అని, ముందు నిలబడ్డారు.

బల్ల మీద నుంచి ఫుమియే ఇదంతా చూస్తోంది. మొదట ఆయన టోపీ పక్కనే ఎర్ర లాంతరు కనిపించేది. తర్వాత టోపీ పూలకొట్టు దగ్గరికి వచ్చింది. ఇప్పుడు పూలకొట్టు కూడా దాటి తనకేసి వస్తోంది. ఆమె లేచి వెళ్ళింది.

"ఏమండీ, అందరూ ముందుకి నడుస్తుంటే మీరు వెనక్కి నడుస్తున్నారేంటి?"

"ష్! నెమ్మదిగా. నన్ను కొట్టు మనిషి అనుకుంటున్నారు."

"మీరు చెప్పలేదా?"

"ఎలా చెప్పను? ఇప్పటికి పద్దెనిమిది మంది దండం పెట్టారు."

"ఆ బోర్డు ఎవరికైనా ఇచ్చేయండి!"

"ఎవరికి ఇవ్వను? నా వెనక ఎవరుంటేగా ఇవ్వడానికి! వచ్చినవాళ్ళంతా ముందే నిలబడుతుంటే..."

ఫుమియే ఆకాశంకేసి చూసింది. "ఆ రోజు ఒక్క ఉండే పోయింది. ఈ రోజు దొన్నెకి దొన్నే పోయేలా ఉంది," అంది.

ఇంతలో క్యూ వెనక సగం ఒక సెలూన్ గుమ్మానికి అడ్డం పడింది. లోపల్నుంచి సెలూన్ యజమాని ఇనుయి కత్తెర పట్టుకునే బయటికొచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి, ఒసాకా గొంతు.

"ఇదిగో పెద్దమనిషీ! రోజూ ఇదే గోల! మీ కొట్టు ఉండలు తింటానికొచ్చే జనం నా గుమ్మంలో నిలబడితే నా దగ్గరకొచ్చేవాళ్ళు కిటికీలోంచి దూకి రావాలా?"

షిగెజో నడుం సగానికి వంచేశాడు. ముఖం కూడా చూడని యజమాని తరఫున, ఇంకా ఒక్కటీ తినని తకోయాకి తరఫున, "క్షమించండి, మా వైపు నుంచి ఘోరమైన పొరపాటు జరిగింది," అన్నాడు. అలవాటైన నోరు మరి. "వెంటనే సర్దుతాను."

సర్దడం అంటే ఆయన తర్వాతే ఎవరైనా. సందు మధ్యలో నిలబడి చూపుడు వేలు చాచి, "కుడి చూశాను! ఎడమ చూశాను! దారి ఖాళీ!" అని స్టేషన్లో అరిచినట్టే అరిచాడు. బోర్డు పైకెత్తి సందుకి అవతల పక్కకి నడిచాడు. సెలూన్ గుమ్మం దగ్గర్నుంచి వెనక ఉన్న ముప్ఫై నాలుగు మందీ కవలల బండిని ముందు పెట్టుకుని నోరెత్తకుండా ఆయన వెంట నడిచారు. ఇనుయి కూడా ముచ్చటపడి చూశాడు. అంతలో సరుకుల బండి వచ్చింది. క్యూ ఇంకాస్త జరిగింది. ఎండ వచ్చింది. పిల్లలున్నారు కదా అని షిగెజో అందరినీ సెలూన్ పక్కనున్న ఇరుకు సందులో నీడకి చేర్చి, గోడ వారగా వంకర లేకుండా నిలబెట్టాడు.

అంతా బాగుంది, ఒక్కటి తప్ప. సెలూన్ గుమ్మానికి ముందున్న సగం క్యూకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. వాళ్ళు వాళ్ళ దారిన జరిగి, తిని, మూతి తుడుచుకుని వెళ్ళిపోయారు. సందులో ఉన్న సగం మాత్రం ఎక్కడికీ కదలకుండా గోడకి ఆనుకుని నిలబడింది. పదిహేను నిమిషాలైనా ఎవరూ ఏమనలేదు. ముందువాళ్ళు కదలకపోతే దానికేదో కారణం ఉండే ఉంటుందని అందరి నమ్మకం.

కవలల తల్లి క్యూకి మొదట ఉంది. ఆవిడ పక్కనే సగం ఎత్తిన షట్టర్, దాని కింద రంగు వెలిసిన ఎర్ర లాంతరు, దాని వెనక స్టూలు మీద కునుకు తీస్తున్న ఒక ముసలావిడ కనిపించారు. ముందర చల్లారిన గుంతల పెనం ఉంది. ఇదే కాబోలు అనుకుందావిడ.

"అమ్మా, మొదలుపెట్టారా?"

ముసలావిడ కళ్ళు తెరిచింది. ఆమె పేరు ఇసో, ఎనభై ఆరేళ్ళు. ఎదురుగా సందు చివరిదాకా తలలు వంచుకుని నోరు మెదపకుండా నిలబడ్డ జనాన్ని చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"ఎవరు పోయారే తల్లీ?" అంది. మళ్ళీ ఒక్క క్షణం ఆలోచించి, "నేను కాదు కదా?" అంది.

"తకోయాకి కోసం అమ్మా."

"ఇంతమందా? నా దగ్గరికా? పొద్దుట్నుంచీ ఒక పిల్లి వచ్చింది, అదీ కొనలేదు." అంటూనే ఇసో పొయ్యి వెలిగించింది. పిండి కలిపింది. తలకి తుండు చుట్టింది. పక్క సెలూన్ వైపు తిరిగి పెట్టిన కేక సందు దద్దరిల్లేలా ఉంది. "ఒరే ఇనుయీ! ఉల్లికాడలు తరగడానికి రా! ఆ కత్తెర చాల్లే! మీ ఆవిడ్ని బజారుకి పంపు, ఆక్టోపస్ రెండు కిలోలు!"

ఇనుయి కత్తెరతోనే పరుగెత్తుకొచ్చాడు. కుర్చీలో కూర్చున్న మనిషి ముఖానికి సబ్బు నురగతోనే లేచి వచ్చి, ఏదో దొరుకుతోందని క్యూలో నిలబడ్డాడు. సందు మొదట్లోంచి వెళ్ళేవాళ్ళు ఈ క్యూ చూసి ఆగారు. "ఆ పెద్ద కొట్టుది కాదట, ఇదే అసలుదట," అని ఒకరన్నారు. "గుట్టుగా ఉంచారట," అని ఇంకొకరు కలిపారు. పావుగంటలో క్యూ అరవై మందికి చేరింది. అరవై ఒకటో మనిషి బోర్డు పట్టుకుని, రెండు మలుపుల అవతల, 'సుమారు డెబ్బై నిమిషాలు, క్షమించాలి' అని చెబుతూ నిలబడ్డాడు.

క్యూ ఎందుకు కదలకుండా ఆగిపోయిందో చూద్దామని ఫుమియే మోకాలు పట్టుకుని ముందుకి నడిచింది. కొట్టు ముందుకి రాగానే ఆగిపోయింది. పెనం మీద పొగ లేస్తోంది. ఆ పొగలో ఊచ ఒకటి చకచకా తిరుగుతోంది. అటు పొడిచి, ఇటు తిప్పి, అంచు లోపలికి మడిచి, మళ్ళీ తిప్పుతోంది. పట్టుకున్నది ఎడమ చెయ్యి.

ఫుమియేకి కాలవ మీది గాలి గుర్తొచ్చింది. కొత్త టోపీ గుర్తొచ్చింది. టోపీ పట్టుకుని వెనక్కి తిరిగితే, ఇస్త్రీ చేసిన స్టేషన్ చొక్కా వేసుకున్న ఒక బక్క కుర్రాడు దొన్నె ఒక చేత్తో పట్టుకుని, చల్లారిపోతుందేమోనని దాని మీద రెండో చెయ్యి అడ్డం పెట్టి నిలబడి ఉండటం గుర్తొచ్చింది. అతణ్ణి ఆ క్షణంలో ఎంత ఇష్టపడిందో కూడా గుర్తొచ్చింది. ఆ తర్వాతే కదా దొన్నెలోకి చూసింది.

రెండు మలుపులూ కుంటుకుంటూ వెనక్కి వచ్చింది. "ఏమండీ! ఎడమ చెయ్యి!"

"ఎవరిది?"

"ఆవిడదే! మన ఆవిడ! ఈ కొట్టే! నేను చెప్పానా లేదా?"

షిగెజో బోర్డు కిందికి దించాడు. "చెప్పావు," అన్నాడు.

"అయితే నడవండి. వీళ్ళందర్నీ ఇక్కడికి తోలుకొచ్చింది మీరే. ఆవిడతో ఒక్క మాట చెబితే ఒక దొన్నె ఇవ్వదా?"

"క్యూ దాటడమా?" ఆమె తనని పట్టాలు దాటమన్నట్టుగా చూశాడు షిగెజో. "పసుపు గీత వెనక నిలబడండని ముప్ఫై ఎనిమిదేళ్ళు చెప్పాను ఫుమియే. నావల్ల కాదు."

గడియారం పన్నెండూ ముప్ఫై ఐదు. బస్సుకి ఇంకా యాభై ఐదు నిమిషాలు. క్యూ డెబ్బై నిమిషాలు. షిగెజో జేబులోంచి చీటీ తీసి చూశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయన ముఖం చూస్తే ఫుమియేకి కోపం రావాల్సింది. ఎందుకో జాలేసింది. నలభై ఒక్క ఏళ్ళలో ఈ మనిషి ఎవరి వంతూ లాక్కోవడం తను చూడలేదు. ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి కూడా, ఇప్పుడు తలచుకుంటే, ఈ మనిషికి సరిపడటం లేదు. ఆ ఆలోచనని ఆమె పక్కకి నెట్టి, భర్త చేతిలోంచి బోర్డు లాక్కుంది.

"మీరు ముందుకి తిరిగి నిలబడండి. ఇక వెనక్కి చూడకండి," అంది.

ఒక కుర్ర జంట వచ్చింది. ఫుమియే బోర్డు వీపు వెనక పెట్టుకుంది. "పిండి అయిపోయిందమ్మా. అదిగో, వంతెన పక్కన పెద్ద కొట్టుంది, పత్రికలో కూడా వేశారు. అక్కడికెళ్ళండి."

వాళ్ళు దండం పెట్టి వెళ్ళారు. తర్వాత వచ్చినవాళ్ళకీ అదే చెప్పింది. ఇరవై మందిని వంతెన వైపు సాగనంపింది. పోగొట్టుకున్న క్యూ ఆ పెద్ద కొట్టుకి అలా తిరిగి దక్కింది. షిగెజో జన్మలో మొదటిసారిగా ముందుకి కదలసాగాడు. డెబ్బై నిమిషాల లెక్క కూడా తప్పింది, ఎందుకంటే ఇసో రెండో పెనం కూడా బయటికి తీసింది. చాలా ఏళ్ళుగా సున్నం డబ్బాల కింద పడి ఉన్న పెనం అది.

ఒకటీ పదమూడుకి వాళ్ళు కొట్టు ముందున్నారు. షిగెజో బోర్డు తీసుకుని గోడకి ఆనించాడు. వెనక ఎవరూ లేరు. ఇనుయి మెట్టు మీద కూలబడి ఉల్లికాడల చేతుల్తో ముఖం తుడుచుకుంటున్నాడు.

"మీరే ఆఖరా?" అంది ఇసో. పిండి గిన్నె వంచి గరిటెతో గీకింది. పెనంలో సరిగ్గా ఎనిమిది గుంతలు నిండాయి. "మీ అదృష్టం. ఒక్క దొన్నె వస్తుంది. ఏ ఊరు మీది?"

"టొట్టోరి. నలభై ఒక్క ఏళ్ళ కిందట మీ దగ్గర తిన్నామమ్మా," అంది ఫుమియే. "పెళ్ళైన మూడో రోజున వచ్చాం. అప్పుడు మీది తోపుడు బండి."

"ఓరి నాయనో! కొత్త జంటగానా?" ఇసో ఎడమ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ తిరిగింది. "అయితే మా ఆయన ఇచ్చి ఉంటాడు మీకు. తిప్పడం నేను, పెట్టివ్వడం ఆయన. అదిగో, ఆయనే."

లాంతరు కింద ఒక ఫోటో ఉంది. గుండ్రటి ముఖం, ఉబ్బిన బుగ్గలు, నోట్లో ఏదో ఉన్నట్టు నవ్వు.

ఉండలు ఎర్రగా కాలాయి. ఇసో ఒక్కొక్కటే పొడిచి దొన్నెలో వేసింది. ఫుమియే పెదాలు కదులుతున్నాయి. ఒకటి, రెండు, మూడు... ఏడు. ఇసో సాస్ రాసింది, పైన నాచుపొడి చల్లింది, దొన్నె ముందుకి తోసింది. పెనంలో ఒకటి మిగిలింది.

"అమ్మా, ఒకటి తక్కువైంది," అంది ఫుమియే.

"తక్కువ కాదే తల్లీ! అది మా ఆయన పద్ధతి. పెళ్ళిలో చదివింపులు సరిసంఖ్యలో ఇస్తారా ఎవరైనా? సరిగ్గా సగానికి విడిపోయేది కొత్త జంట చేతిలో పెట్టకూడదు. అందుకని కొత్తగా పెళ్ళైనవాళ్ళకి ఎప్పుడూ ఏడే పెట్టేవాడు. మీకూ అలాగే పెట్టి ఉంటాడు, అందుకే ఇప్పుడు నేనూ అలాగే పెట్టాను. మీకు చెప్పలేదూ?"

షిగెజో టోపీ తీశాడు.

"చెప్పలేదు," అన్నాడు షిగెజో చాలా నెమ్మదిగా.

"చెప్పడు! సిగ్గు ఆయనకి!"

"మరి... ఎనిమిదోది?" అంది ఫుమియే.

"ఎనిమిదోది ఆయనే తినేవాడు. శుభమని చెప్పి. వసంతంలో రోజుకి పది జంటలొచ్చేవి. ఆ బుగ్గలు ఊరికే వచ్చాయా మరి?" ఇసో మిగిలిన ఉండని చిన్న సాసర్లో పెట్టి ఫోటో ముందు ఉంచింది. రెండు చేతులూ జోడించింది. "ఇప్పుడు ఆయన ముందు పెట్టి, చల్లారాక నేను తింటున్నాను. వేడిగా తినేవాడు వెధవ, ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు."

ఆమె నవ్వుతూనే కళ్ళు తుండుతో ఒత్తుకుంది. ఇనుయి తల తిప్పుకున్నాడు.

ఫుమియే దొన్నె పట్టుకుని నిలబడిపోయింది. షిగెజో ఆమె ముఖంకేసి చూడలేదు. చూస్తే గెలిచినట్టు ఉంటుంది. ఆయనకి గెలిచే అలవాటు లేదు. గడియారం చూసుకుని, "ఒకటీ ఇరవై," అన్నాడు. ఇసోకి ఇద్దరూ నడుం వంచి దండం పెట్టారు. ఖాళీ చేతుల్తో స్టేషన్ వదలడం ఎరగని మనిషి కాబట్టి, గోడకి ఆనించిన కర్రని కూడా పట్టుకుని బయల్దేరాడు.

వంతెన మీద తింటూ నడిచారు. ఒక చోట ఫుమియే ఆగింది.

"మీరు నాలుగే తిన్నానని గట్టిగా ఎందుకు చెప్పలేదు?"

"మొదటి ఐదేళ్ళూ చెప్పాను," అన్నాడు షిగెజో. "ఆ తర్వాత నాక్కూడా ఐదు తిన్నట్టే గుర్తుకి రావడం మొదలైంది. నువ్వు అబద్ధం చెప్పవు కదా మరి."

ఫుమియే కాలవ నీళ్ళలోకి చూసింది. "నలభై ఒక్క ఏళ్ళు," అంది. "మీ అమ్మ ముందు కూడా అన్నాను. మీ రిటైర్మెంటు రోజున అందరి ముందూ అన్నాను. నన్ను క్షమించండి." అంటూ నడుం వంచబోయింది. మోకాలు వంగలేదు. షిగెజో మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"చల్లారిపోతుంది, తిను," అన్నాడు. నాలుగడుగులు వేశాక, "ఒక రకంగా మంచిదే. ఆ మాట అనడానికైనా రోజూ నాతో మాట్లాడావు," అన్నాడు.

ఒకటీ ఇరవై తొమ్మిదికి బస్సు దగ్గరికి చేరారు. నొజోమి మనుషుల్ని లెక్కపెడుతూ, రెండోసారి లెక్కపెట్టి, "ముగ్గురు ఎక్కువున్నారండీ," అంది. చూస్తే షిగెజో వెనక, ఆయన చేతిలో బోర్డు వెనకే, ముగ్గురు కొత్తవాళ్ళు వరుసగా నిలబడి ఉన్నారు. షిగెజోకి అప్పుడు గుర్తొచ్చింది కర్ర సంగతి. ముఖం ఎర్రబడింది. జీవితంలో మొదటిసారి తన వెనక మనిషి దొరికాడు కాబట్టి, నడుం వంచి బోర్డు ఆ మనిషి చేతిలో పెట్టి, వంతెన పక్కనున్న పెద్ద కొట్టుకి తిరిగి ఇవ్వమని బతిమాలి బస్సెక్కాడు. ఆ మనిషి తప్పకుండా అన్నాడు. బస్సు మలుపు తిరుగుతుంటే కిటికీలోంచి చూశారు. వాళ్ళింకా అక్కడే ఉన్నారు, వెనక మరో ఇద్దరు చేరారు.

దొన్నెలో ఒక్క ఉండ మిగిలింది. ఆయన మూడు తిన్నాడు, ఆమె మూడు తింది. "మీరు తినండి, నేనే కదా బాకీ," అంది ఫుమియే. "నువ్వు తిను, ఆ రోజు మూడే తిన్నావు," అన్నాడు షిగెజో. రెండు సొరంగాలు దాటేదాకా ఆ దొన్నె ఈ ఒళ్ళోంచి ఆ ఒళ్ళోకి తిరిగింది. విడదీయకూడదంటారు గానీ, చివరికి పుల్లతో సగానికి కోసి చెరో సగం నోట్లో వేసుకున్నారు.

"నా దాంట్లో ఆక్టోపస్ ముక్క లేదు," అంది ఫుమియే.

"నా దాంట్లోనూ లేదు," అన్నాడు షిగెజో.

ఫుమియే నెమ్మదిగా ఆయన వైపు తిరిగింది.